రైన్‌బాకర్‌కు మళ్లీ గాయం: ఈ కుర్రాడి ఎదుగుదల గురించి ఎంతవరకు ఆందోళన పడాలి?

బ్రోసార్_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గుంటూరు నుంచి వచ్చి, సెయింట్ లారెన్స్ నదికి దక్షిణపు ఒడ్డున బ్రోసార్‌లో స్థిరపడినవాణ్ని. ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్) జట్టు మాంట్రియల్ కెనేడియన్స్ సాధన చేసే రింకు (మంచు మైదానం) మా ఇంటికి దగ్గరే కావడంతో, వచ్చిన కొత్తలో పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ల) ఎటు పోతోందో కూడా కనిపెట్టలేని నేను నెమ్మదిగా ఐస్ హాకీకి బానిసనయ్యాను. ఆటలోని లోతుపాతులు తెలిసినవారు, వైద్యం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కనుక, నన్ను కొంతకాలంగా వేధిస్తున్న ఒక సందేహాన్ని మీ ముందుంచుతున్నాను.

విషయం డేవిడ్ రైన్‌బాకర్ అనే డిఫెన్స్‌మన్ (తన గోల్‌ను కాపాడే వరుసలో ఆడేవాడు) గురించి. ఆస్ట్రియాలో పుట్టిన ఈ కుర్రాడు, పద్దెనిమిదేళ్లు నిండీ నిండకుండానే స్విట్జర్లాండ్ అగ్రశ్రేణి లీగ్‌లో క్లోటెన్ జట్టు తరఫున పెద్దవాళ్ల మధ్య 46 మ్యాచ్‌లు ఆడి 22 పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లైన అసిస్ట్‌లు కలిపి) సాధించాడు. 2023 జూన్‌లో నాష్‌విల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మాంట్రియల్ అతణ్ని అయిదో స్థానంలో ఎంచుకుంది. ఆస్ట్రియా ఆటగాళ్లలో అంత పైస్థానం అంతకుముందు 2003లో థామస్ వానెక్‌కు మాత్రమే దక్కింది. అయితే ఎంపికైన కొద్ది గంటల్లోనే, తాను చేసిన తప్పేమీ లేకపోయినా, సామాజిక మాధ్యమాల్లో నానా మాటలు పడవలసి వచ్చింది.

ఆ తరువాతి వరుస చూడండి. మరుసటి సీజన్ కూడా క్లోటెన్‌లోనే ఆడితే, మోకాలి గాయం కొంత కాలాన్ని మింగేసింది, జట్టు కూడా పట్టికలో అడుగుకు జారింది. 2024 వసంతంలో మాంట్రియల్ కింది జట్టైన లావాల్ రాకెట్‌కు వచ్చి ఆడిన 11 మ్యాచ్‌లలో మంచి ముద్ర వేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 28న టొరంటోతో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో ఎడమ మోకాలు దెబ్బతిన్నది, శస్త్రచికిత్స జరిగింది, అయిదారు నెలలు ఆటకు దూరమన్నారు. అదే మ్యాచ్‌లో పాట్రిక్ లైనె మోకాలు కూడా దెబ్బతినడంతో ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తిరిగి వచ్చేసరికి శీతాకాలం ముగియవచ్చింది. 72 మ్యాచ్‌ల సీజన్‌లో అతనికి దక్కినవి 10. ఇప్పుడు, ఈ 2025 సెప్టెంబరులో, మళ్లీ సన్నాహక మ్యాచ్‌ల సమయంలోనే ఎడమ చేతి ఎముక విరిగింది, నాలుగు వారాల విశ్రాంతి అంటున్నారు. ఈ అక్టోబరు 25కు అతనికి 21 ఏళ్లు నిండుతాయి.

నా సందేహాలు రెండు. ఇది శరీర తత్వమా, లేక కేవలం దురదృష్టమా? రెండోది, నిజానికి నాకు ముఖ్యమైనది: డిఫెన్స్‌మన్ అనేవాడు ఆలస్యంగా పండే పండు అంటారు కదా, అలాంటివాడికి 19, 20 ఏళ్ల వయసులో పోయిన కాలాన్ని తరువాత రాబట్టుకోవడం సాధ్యమేనా?

ఈ రెండో ప్రశ్న వెనుక స్వార్థం కూడా ఉందని దాచను. మా వాడికి పదమూడేళ్లు, డిఫెన్స్‌లోనే ఆడతాడు. గత శీతాకాలం కుడి మోకాలు లోపలివైపు బెణికి ఏడు వారాలు కూర్చున్నాడు. ఇప్పుడు నొప్పి లేదంటాడు, డాక్టరు గారు కూడా ఆడుకోవచ్చన్నారు. కానీ రింకు నుంచి వస్తూ కారులో, "నాన్నా, నేను వెనకబడిపోయానా?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.


కాకినాడ_ఫిజియో

నమస్కారమండీ. నేను క్రీడాకారులతో పనిచేసే ఫిజియోథెరపిస్టును. ముందుగా ఒక హెచ్చరిక: క్లబ్బు బయటపెట్టినది ఎడమ మోకాలు, శస్త్రచికిత్స, అయిదారు నెలలు అన్నంతవరకే. దాన్నిబట్టి ఏ లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగిందో ఇక్కడ కూర్చుని తేల్చడం వైద్యం కాదు, జాతకం చెప్పడం. కనుక ఈ ఆటలో మోకాలు ఎలా దెబ్బతింటుంది, ఎలా తిరిగి వస్తుంది అన్నది మాత్రమే రాస్తాను.

మన వైపు కబడ్డీ ఆటగాళ్లను చూసినవారికి మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం బాగా తెలుసు. పాదం మ్యాటు మీద అతుక్కుని ఉండగా పైన ఒళ్లు మెలిక తిరుగుతుంది, మధ్యలో మోకాలు బలవుతుంది. మంచు మీద బ్లేడు జారిపోతుంది కనుక ఆ రకం గాయం హాకీలో అంత ఎక్కువ కాదు. హాకీలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్. అవతలివాడు బయటి పక్కనుంచి వచ్చి గుద్దుకున్నప్పుడో, ఒళ్లు రింకు చుట్టూ ఉండే బోర్డులకు అతుక్కుని కాలు ఒక్కటే బయట చిక్కుకున్నప్పుడో మోకాలు లోపలికి వంగి ఆ లిగమెంటు సాగుతుంది లేదా తెగుతుంది. మీ అబ్బాయిది కూడా లోపలివైపు అన్నారు కనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెబుతున్నాను.

ఇక శరీర తత్వం మాట. పాత గాయమే కొత్త గాయానికి దారి తీస్తుందన్నది నిజమే, కానీ అది ముఖ్యంగా అదే కీలుకు, అదే కండరానికి వర్తించే నిజం. ఎదుటివాడు ఢీకొట్టడం వల్ల దెబ్బతిన్న మోకాలినీ, ఏడాది తరువాత విరిగిన అరచేతి ఎముకనూ ఒకే సంచిలో వేసి "వీడికి గాయాల జబ్బు" అనడం లెక్క కాదు. అరచేతి ఎముక నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటుంది, ఆ వారాల్లో కాళ్లకు చేయించవలసిన పని అంతా చేయించవచ్చు. నిజానికి మోకాలి చుట్టూ కండరం పెంచుకోవలసిన కుర్రాడికి చెయ్యి విరిగిన నెల పూర్తిగా వృథా ఏమీ కాదు. అయితే మోకాలికి సంబంధించినంతవరకు క్లోటెన్ నాటి గాయాన్ని కూడా కలిపి చూస్తే ఇది రెండో దెబ్బ. కనుక అక్కడ మాత్రం నేను నిశ్చింతగా ఉండమని చెప్పను.

అభిమానులు సాధారణంగా పొరబడేది తిరిగి వచ్చే తేదీ దగ్గర. మోకాలి శస్త్రచికిత్స తరువాత తొడ ముందు కండరం కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది, దాన్ని తిరిగి పెంచడానికి నెలలు పడుతుంది. దెబ్బతిన్న కాలు బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలని మేము సాధారణంగా చూస్తాం. ఆ తరువాత మంచు మీదికి వెళ్లినా ఒక వరుస ఉంటుంది: మొదట సూటిగా స్కేటింగ్, తరువాత వంపులు, తరువాత వెనక్కి స్కేటింగ్, వెనక్కి పోతూ ఒక్కసారి ముందుకు తిరగడం, చివరికి ఒంటి మీద దెబ్బలు పడే సాధన. ఫార్వర్డ్ (దాడి వరుసలో ఆడేవాడు) అయితే మూడో మెట్టు దగ్గరే ఆటకు చాలావరకు సిద్ధమవుతాడు. డిఫెన్స్‌మన్‌కు అసలు ఉద్యోగమే వెనక్కి పోతూ తిరగడం, మూలలో వీపు మీద దెబ్బ తింటూ పక్ తీయడం. మోకాలు ఆఖరున ఇచ్చేవి కూడా సరిగ్గా ఆ రెండే. అందుకని 2025 వసంతంలో లావాల్‌లో అతను ఆడిన మ్యాచ్‌లను చూసి ఎవరైనా తీర్పు చెబితే, నయమవుతున్న కాలిని చూసి చెప్పినట్టే కానీ ఆటగాణ్ని చూసి చెప్పినట్టు కాదు.

చివరగా మీకు పనికివచ్చే ఒక చిన్న సూచన. స్కేటింగ్‌లో ఎడమకు వేగంగా తిరిగేటప్పుడు, బయటి కాలైన కుడి కాలి లోపలి అంచు మీద బలంగా నెట్టాలి, అప్పుడు ఆ మోకాలి లోపలి పక్క మీదే భారం పడుతుంది. కనుక కుడి మోకాలు లోపల దెబ్బతిన్నవాడు, నొప్పి పూర్తిగా పోయాక కూడా, తనకు తెలియకుండానే ఎడమకు తిరగడం తగ్గిస్తాడు. ఎడమ మోకాలైతే దీనికి తిరగేసి చూడండి. నొప్పి ఉందా అని అడిగితే లేదనే చెబుతాడు, ఎందుకంటే నిజంగానే ఉండదు. ఈ సంగతి మాటల్లో బయటపడదు, తిరుగుళ్లలోనే కనిపిస్తుంది.


డెన్వర్_పాతకాపు

ఫిజియో గారు కాలి సంగతి చెప్పారు కనుక నేను కాలం సంగతి చెబుతాను. ఇరవై ఏళ్లుగా కొలరాడో అవలాంచ్ ఆట చూస్తున్నాను. మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తుకు వచ్చినవాడు ఎరిక్ జాన్సన్.

2006 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు సెయింట్ లూయిస్ ఎంచుకున్న డిఫెన్స్‌మన్ అతను. 2008 సెప్టెంబరులో జట్టువాళ్లంతా సరదాగా గోల్ఫ్ ఆడడానికి వెళ్తే, గోల్ఫ్ బండి పెడళ్ల మధ్య పాదం ఇరుక్కుని కుడి మోకాలిలో ఏసీఎల్, ఎంసీఎల్ రెండూ తెగాయి. అప్పటికి ఇరవై ఏళ్లవాడు, అంటే సరిగ్గా మీరు భయపడుతున్న వయసువాడు. 2008–09 సీజన్ మొత్తం పోయింది, ఒక్క మ్యాచ్ కూడా లేదు. మరుసటి సీజన్ తిరిగి వచ్చి 39 పాయింట్లు సాధించాడు, ఆ మధ్యలోనే వాంకూవర్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుతో రజతం గెలిచాడు. 2011లో మా ఊరికి వచ్చాడు. 2022లో ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ లాండెస్కోగ్ ఆ కప్పును అందరికంటే ముందు జాన్సన్ చేతికే ఇచ్చాడు. ఎన్‌హెచ్ఎల్‌లో వెయ్యి మ్యాచ్‌లు దాటి ఆడిన మనిషి అతను. మొదటి స్థానంలో ఎంచుకున్నవాడి నుంచి ఆశించినంత మెరుపు రాలేదని అనేవారున్నారు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ లోటును మోకాలి ఖాతాలో రాయడం నాకు న్యాయంగా తోచదు.

మా దగ్గరే ఇంకొకడు బోవెన్ బైరమ్. 2019లో నాలుగో ఎంపిక. అతనిది మోకాలు కాదు, తల. కంకషన్ల (దెబ్బకు మెదడు అదరడం) వల్ల ఒక దశలో ఆట నుంచి సెలవు తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మోకాలికి 90 శాతం అని ఒక కొలత ఉంది, తలకు అలాంటిది లేదు, అందుకే అతని విషయంలో నేను పడిన భయం రైన్‌బాకర్ విషయంలో పడడం లేదు. అలాంటివాడు తిరిగి వచ్చి 2022 ప్లేఆఫ్‌లలో (సీజన్ చివరి నాకౌట్ దశ) తొమ్మిది అసిస్ట్‌లు చేసి కప్పు ఎత్తాడు.

ఇప్పుడు చేదు ఉదాహరణ కూడా చెప్పకపోతే మిమ్మల్ని మభ్యపెట్టినవాణ్ని అవుతాను. 2013లో ఫిలడెల్ఫియా 11వ స్థానంలో ఎంచుకున్న సామ్యూల్ మోరాన్ ఆరున్నర అడుగుల మనిషి. 2018లో కుడి మోకాలి ఏసీఎల్ తెగింది, తిరిగి వచ్చాడు. 2019లో మళ్లీ అదే తెగింది. ఎన్‌హెచ్ఎల్‌లో ముప్పై మ్యాచ్‌లు కూడా నిండకుండానే 2022లో ఆట విరమించాడు. జాన్సన్‌కూ ఇతనికీ తేడా ధైర్యంలో లేదు, పట్టుదలలో అసలే లేదు. ఒకే మోకాలు రెండోసారి తెగడంలో ఉంది. అందుకే ఫిజియో గారు రెండో దెబ్బ దగ్గర ఆగి మాట్లాడడం సబబని నా అభిప్రాయం.

చెక్ దేశపు యిర్జీచెక్ అన్నదమ్ముల సంగతి మరీ విచిత్రం. అన్న డేవిడ్ 2021 డిసెంబరు 26న ప్రపంచ జూనియర్ పోటీల తొలి మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు. తమ్ముడు ఆడమ్ సరిగ్గా రెండేళ్ల తరువాత, అదే డిసెంబరు 26న, అవే పోటీల తొలి మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు. ఇద్దరూ రైన్‌బాకర్‌లాగే కుడిచేతి (కుడివైపునుంచి షాట్ కొట్టే) డిఫెన్స్‌మన్లే. ఇద్దరూ ఆ గాయాలతోనే మొదటి రౌండ్‌లో ఎంపికయ్యారు, అన్న 2022లో ఆరో స్థానంలో కొలంబస్‌కు, తమ్ముడు 2024లో 16వ స్థానంలో సెయింట్ లూయిస్‌కు. అన్న గురించి మీరు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. మోకాలి నుంచి బాగానే కోలుకుని, 2022–23లో కొలంబస్ కింది జట్టైన క్లీవ్‌లాండ్‌లో 55 మ్యాచ్‌లలో 38 పాయింట్లు సాధించాడు. అతణ్ని దెబ్బతీసింది ఆ తరువాతి కాలం. పై జట్టుకు పిలవడం, మూలన కూర్చోబెట్టడం, కింది జట్టుకు పంపడం, మళ్లీ పిలవడం. 2024 నవంబరు చివరికి కొలంబస్ అతణ్ని మిన్నెసోటాకు ఇచ్చేసింది. శస్త్రచికిత్స వల్ల పోయిన నెలలకంటే పెట్టె సర్దుకుంటూ గడిపిన నెలలే అతనికి ఎక్కువ నష్టం చేశాయని నేను నమ్ముతున్నాను.

రైన్‌బాకర్‌కు ఆ ప్రమాదం ప్రస్తుతం తక్కువ. ఈ 2025 వేసవిలో మాంట్రియల్ ఐలాండర్స్ నుంచి నోవా డాబ్సన్‌ను తెచ్చుకుని ఎనిమిదేళ్ల ఒప్పందం చేసుకుంది, అతను కూడా కుడిచేతి డిఫెన్స్‌మనే. దీన్ని చూసి రైన్‌బాకర్ దారి మూసేశారని కొందరు వాపోతున్నారు. నాకైతే తిరగేసి కనిపిస్తోంది. ఆ వెంటనే, అదే కుడివైపు ఆడే మరో కుర్రాడు లోగన్ మాయూను సెయింట్ లూయిస్‌కు పంపేశారు, కానీ రైన్‌బాకర్‌ను ఉంచుకున్నారు. అంటే అతణ్ని తొందరపెట్టి పై జట్టులోకి లాగవలసిన అవసరం లేకుండా చేసుకుని, తీరిగ్గా పండనిస్తున్నారు. లావాల్‌లో ప్రతి రాత్రి ఇరవై నిమిషాలు ఆడడం, పై జట్టులో పన్నెండు నిమిషాలు బిక్కుబిక్కుమంటూ ఆడడం కంటే ఎంతో మేలు.


చెర్రీహిల్_వాసి

మర్యాదగానే ఒక మాట. గాయాల గురించి ఇంత చర్చిస్తున్నాం కానీ అసలు బాధ గాయం కాదు, ఎంపిక. అయిదో స్థానంలో రైన్‌బాకర్‌ను తీసుకున్నప్పుడు రష్యా ఫార్వర్డ్ మాట్వే మిచ్‌కోవ్ ఇంకా మిగిలే ఉన్నాడు. మా ఫిలడెల్ఫియా అతణ్ని ఏడో స్థానంలో తీసుకుంది, 2024–25లో మొదటి సీజన్‌లోనే 26 గోల్స్‌తో 63 పాయింట్లు సాధించాడు. అదే సీజన్‌లో రైన్‌బాకర్ కింది లీగ్‌లో 10 మ్యాచ్‌లు ఆడాడు. "డిఫెన్స్‌మన్లు ఆలస్యంగా పండుతారు" అన్న మాట ఒక్కొక్కసారి నిజం, ఒక్కొక్కసారి తప్పు ఎంపికకు కప్పే దుప్పటి. ఇది ఏదో ఇంకా తేలలేదు కనుక, అభిమానులు ముందుగానే ఊరట చెప్పుకోవడం నాకు తొందరపాటుగా కనిపిస్తోంది.


డెన్వర్_పాతకాపు

చెర్రీహిల్ గారూ, మిచ్‌కోవ్ గొప్ప ఆటగాడు, అందులో వాదన లేదు. కానీ 2023 జూన్‌లో అతనికి రష్యా క్లబ్బుతో 2026 వరకు ఒప్పందం ఉంది. ముందే వస్తాడని ఆ రోజు ఎవరూ హామీ ఇవ్వలేని స్థితి. పైగా మాంట్రియల్ మరుసటి ఏడాది అదే అయిదో స్థానంలో రష్యాకే చెందిన ఫార్వర్డ్ ఇవాన్ డెమిడోవ్‌ను తీసుకుంది కనుక ఆ గాయం కూడా చాలావరకు మానింది. ఏమైనా, ప్రశ్న అడిగినవారు ఎంపిక సరైనదా అని అడగలేదు. ఎంపికైన కుర్రాడు ఎలా ఎదుగుతాడని అడిగారు. ఆ రెండింటినీ కలిపితే పాపం ఆ కుర్రాడు ఎప్పుడూ తాను కాని ఇంకొకడితో ఆడుతూ ఉండవలసి వస్తుంది.


మిస్సిసాగా_కోచమ్మ

నమస్కారం. నేను పిల్లల జట్టుకు స్వచ్ఛందంగా సహాయ కోచ్‌గా పనిచేస్తున్నాను, ముఖ్యంగా డిఫెన్స్ పిల్లలతో. పై ఇద్దరు పెద్దలు చెప్పినదానికి ఆట వైపు నుంచి కొంత కలుపుతాను, ఎందుకంటే "కాలం పోయింది" అంటే సరిగ్గా ఏది పోయిందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

యూరప్‌లో చాలా రింకుల వెడల్పు 28 నుంచి 30 మీటర్లు. ఇక్కడ ఎన్‌హెచ్ఎల్ రింకు వెడల్పు 26 మీటర్లకు కొంచెం తక్కువే. వినడానికి రెండు మూడు మీటర్ల తేడా. కానీ అక్కడ మూలలో పక్ తీసుకున్న డిఫెన్స్‌మన్‌కు తలెత్తి చూడడానికి దొరికే ఆ ఒక్క క్షణం ఇక్కడ దొరకదు, అప్పటికే వెనుకవాడు వీపు మీద ఉంటాడు. కనుక యూరప్ నుంచి వచ్చిన కుర్రాడు పక్ దగ్గరకు చేరకముందే నిర్ణయం తీసుకోవడం నేర్చుకోవాలి. వెనక్కి పరుగెత్తుతూ ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూడాలి. వచ్చేవాడు ఏ పక్కనుంచి వస్తున్నాడో పట్టి, ఒళ్లు ఒకవైపు వంచి వాణ్ని నమ్మించి, రెండోవైపు తిరగాలి. ఇదంతా ఒకటిన్నర క్షణంలో జరగాలి. బోర్డు మీద గీసి ఎంత చెప్పినా ఇది రాదు. వందల సార్లు తప్పుగా తిరిగి, వందల సార్లు బోర్డులకు గుద్దుకుంటేనే వస్తుంది.

రైన్‌బాకర్‌కు 2024–25లో పోయినది ఇదే. అతని షాట్ పోలేదు, ఆరడుగుల రెండంగుళాల శరీరం పోలేదు, ఆట చదివే తెలివి పోలేదు. అవన్నీ జిమ్‌లోనూ వీడియో గదిలోనూ నిలబడే ఉంటాయి. పోయినవి ఆ వందల మూలలు. ఊరట ఏమిటంటే ఇది వయసుతో తలుపు మూసుకుపోయే విద్య కాదు. పదేళ్లలోపు నేర్వవలసిన స్కేటింగ్ అంచుల్లాంటిది అసలే కాదు. ఇరవై ఒకటిలో మొదలుపెట్టినా వస్తుంది, కాకపోతే మ్యాచ్‌లు ఆడాలి. 2025 వసంతంలో లావాల్ జట్టు తన లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి కాన్ఫరెన్స్ ఫైనల్ (సెమీఫైనల్‌లాంటిది) దాకా వెళ్లడం వల్ల, నయమవుతున్న కాలితోనైనా ప్లేఆఫ్ ఒత్తిడిలో కొన్ని మూలలు అతనికి దక్కాయి. సాధారణ సీజన్ మ్యాచ్‌ల కంటే వాటి విలువ నా దృష్టిలో ఎక్కువ.

కనుక ఈ సీజన్‌లో పాయింట్ల పట్టిక చూడకండి. మూడు చూడండి. పక్ కోసం వెనక్కి వెళ్లేటప్పుడు భుజం మీదుగా చూస్తున్నాడా? రెండు పక్కలకూ సమానంగా తిరుగుతున్నాడా, లేక ఫిజియో గారు చెప్పినట్టు ఒక పక్కను తప్పించుకుంటున్నాడా? తిరిగాక పక్‌ను మన జట్టువాడి కర్రకు ఇస్తున్నాడా, లేక భయపడి బోర్డుల పైనుండే గాజు మీదికి కొట్టి వదిలించుకుంటున్నాడా? గాయం తరువాత ధైర్యం తగ్గిన డిఫెన్స్‌మన్ మొదట కనిపించేది ఈ మూడో చోటే.

మీ అబ్బాయికి కూడా ఇదే లెక్క. హాకీ కెనడా 2013లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఆటలో బాడీ చెక్కింగ్‌ను (ఎదుటివాణ్ని ఒంటితో ఢీకొట్టడాన్ని) నిషేధించింది, మీ క్యుబెక్‌లో ఆ నిషేధం అంతకంటే ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉంది. అంటే మీ వాడు ఒంటి మీద దెబ్బ పడే ఆటకు ఇప్పుడిప్పుడే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏడు వారాల్లో స్నేహితుల కంటే వెనకబడ్డాడా అన్నది పెద్ద విషయం కాదు. ఆ గుమ్మం దాటేముందు రెండు పక్కలకూ తిరగగలుగుతున్నాడా అన్నదే చూడాలి. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని రింకు పక్కన కూర్చోండి. కానీ మీరు లెక్కపెడుతున్నట్టు వాడికి తెలియనివ్వకండి, తెలిస్తే మీ కోసం తిరుగుతాడు.


బ్రోసార్_నాన్న

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్సులు. చెర్రీహిల్ గారితో సహా అంటున్నాను. దుప్పటి మాట గుచ్చుకుంది కానీ తీసిపారేయదగినది కాదు.

గత ప్లేఆఫ్‌లలో నేను, మా వాడు మెట్రోలో మోంమొరెన్సీ స్టేషన్ దాకా వెళ్లి లావాల్ జట్టు ఆడే ప్లాస్ బెల్‌లో ఒక మ్యాచ్ చూశాం. ఆ రోజు వార్మప్‌లో నా కన్ను మాటిమాటికీ రైన్‌బాకర్ ఎడమ మోకాలి మీదికే పోయింది. అక్కడ చూడడానికి సాక్సు, దాని కింద ప్యాడు తప్ప ఇంకేమీ లేవు. రెండున్నర గంటలు తప్పు చోట చూస్తూ కూర్చున్నానని ఇప్పుడు అర్థమవుతోంది. చెయ్యి నయమై అతను మంచు మీదికి వచ్చిన రోజున మళ్లీ వెళ్లి, ఈసారి మూలలు చూస్తాను.

నిన్న సాయంత్రం కోచమ్మ గారు చెప్పినట్టే కిరాణా రసీదు వెనుక గీతలు పెట్టుకుంటూ మా వాడి సాధన చూశాను. మధ్యలో ఒకసారి వాడు ఇటు చూస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటించాను. పక్ కోసం మూలకు 19 సార్లు వెళ్లాడు. భుజం మీదుగా 12 సార్లు చూశాడు, అది నేననుకున్నదానికంటే మెరుగే. కుడివైపు 15 సార్లు తిరిగాడు, ఎడమవైపు నాలుగే. అందులో రెండుసార్లు ఎడమకు దారి బారుగా తెరుచుకుని ఉన్నా, కుడికి తిరిగి నెట్ వెనుకనుంచి చుట్టూ వచ్చాడు.

ఇంటికి వస్తూ నొప్పేమైనా ఉందా అని అడిగాను. అస్సలు లేదన్నాడు. వచ్చే మంగళవారానికి ఇక్కడి ఫిజియో దగ్గర సమయం తీసుకున్నాను, ఆ రసీదు కూడా పట్టుకెళ్తున్నాను.